పాదరసం, పసుపు కొమ్ము

మా అత్తమ్మ క్రైస్ట్‌చర్చ్ వచ్చిన మొదటి వేసవిలో పెట్టిన వడియాలు ఒక్కటీ ఎండలేదు. పొద్దున లేచేసరికి ఎండ ఫెళఫెళలాడుతూ ఉంటుంది. ఆవిడ పెరట్లో పాత చీర పరిచి, నడుం పట్టుకుని, సగ్గుబియ్యం వడియాలు పెడుతుంది. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి తిరిగి జల్లు కొడుతుంది. ఫోన్‌లో చూసి చెబుతానంటే వినేది కాదు. "ఫోన్ల జూసి చెప్పుడేంది? ఆకాశం మొకం జూస్తె తెల్వదా?" అనేది. ఇక్కడి ఆకాశం పూటకో ముఖం పెడుతుందని చెబితే, "మాట మీద నిలవడని ఆకాశం, ఇదేం దేశమే!" అని నా మీదే కోప్పడేది, ఆ ఆకాశాన్ని గారాబం చేసి నేనే చెడగొట్టినట్టు.

రెండో వేసవి మొదట్లో, పోరు పడలేక ఒక బారోమీటర్ కొన్నాను. జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే ఆప్ షాప్‌లో, పగుళ్ళు పట్టిన కప్పుల వెనక, గోడకు తగిలించిన తంబూరాలా కనబడింది. కింద గుండ్రటి పొట్ట, పైన పొడుగాటి మెడ, ఎర్రటి మహాగని చెక్క. పొట్ట మీద గడియారం ముఖంలాంటి పళ్ళెం, దాని చుట్టూ ఇంగ్లీషులో తుఫాను, వాన, మార్పు, నిర్మలం, బాగా పొడి అని వరసగా రాసి ఉంది. ముల్లు తుఫాను దగ్గర ఇరుక్కుపోయి కదలడం లేదు. మా ఇంటికి సరిగ్గా సరిపోయిందనుకుని తెచ్చేశాను.

దాన్ని బాగుచేసే మనిషి ఊళ్ళో ఒకరే మిగిలారని కొట్లో ఆవిడ చెప్పింది. ఆ గుర్తులు పట్టుకుని శనివారం పూట కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాను. తలుపు తీసింది ఎనభై దాటిన పొడుగాటి దొరసాని. తోలు ఏప్రన్ కట్టుకుని ఉంది. నన్ను చూడకముందే సీటు మీదున్న దాన్ని చూసింది.

"పడుకోబెట్టి తెచ్చావా! లోపల పాదరసం ఉందమ్మాయ్. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు నిలువుగా తేవాలి" అని గుమ్మంలోనే కేకలేసింది. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి గానీ, ఆవిడ తిట్లు నాకు తెలుగులోనే గుర్తున్నాయి. "సారీ ఆంటీ" అన్నాను. "నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యాను?" అంది. మా వాళ్ళకు పెద్దవాళ్ళందరూ ఆంటీలే అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే అయితే, మేనకోడలివి కదా, వెళ్ళి టీ పెట్టు" అంది. ఆ రోజు నుంచి ఆవిడ ఆంటీయే.

గ్యారేజీయే ఆవిడ పనిచోటు. కిటికీ కింద పొడుగాటి బల్ల, మీద చిన్న చిన్న పట్టుకార్లు, ఆకురాళ్ళు, ఇత్తడి గరాటులు. ఇంగ్లండ్ నుంచి ఓడలో పనిముట్లతో సహా వచ్చిన వాళ్ళ నాన్న బల్ల అది. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే ఆయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడట. మాట్లాడుతూనే నా బారోమీటర్ వీపు తెరిచింది. లోపల ఒక గాజు గొట్టం, జె అక్షరంలా వంగి, అందులో పాదరసం. గాలి బరువు పెరిగితే పాదరసం ఒకవైపు దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. దాని మీద తేలే చిన్న గాజు గుండుకు పట్టుదారం కట్టి, కప్పీ మీదుగా వేసి ముల్లును తిప్పుతారు. ఇంతే విద్య. ఆ పట్టుదారం తెగిపోయింది.

ఆంటీ కొత్త దారం కప్పీలో ఎక్కించబోయింది. చెయ్యి వణికింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ వణికింది. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. బల్ల మీది పట్టుకారు తీసుకుని దారం కొస పట్టుకుని ఒక్క లాగున ఎక్కించేశాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. కిటికీలోంచి చూశాను."

నిజంగానే కిటికీలోంచి చూశాను. మాది కరీంనగర్‌లో బంగారం పని చేసే అవుసుల ఇల్లు. కంసాలి తల్లి బంగారం కూడా వదలడని ఊరంతా ఒక సామెత చెప్పుకుని నవ్వుతుంది, చెప్పుకోనీ. మా బాపు కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంటే, ఆ మంట ఆయన చెప్పినట్టు వినేది. వెండి తీగను వెంట్రుక కంటే సన్నగా తీసేవాడు. నేను దగ్గరికి వెళ్ళబోతే "ఆడిపిల్లవు, కుంపటి కాడ నీకేం పని? పోయి సదువుకో" అని తరిమేవాడు. చదువుకున్నాను. బోలెడు చదువుకుని, ఈ దేశం వచ్చి, ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో కేర్ వర్క్ చేస్తున్నాను. మంచి పనే, నాకేం చిన్నతనం లేదు. కానీ నా వేళ్ళు మాత్రం ఇన్నేళ్ళూ దేనికోసమో దురద పెడుతూనే ఉన్నాయి.

మా ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. మా ముత్తాత తాను చేసిన ప్రతి నగ వెనక సూదిమొనతో ఒక చుక్క పెట్టేవాడట. తాత రెండు పెట్టాడు. బాపు మూడు. నా పెళ్ళికి పుట్టింటిదీ అత్తింటిదీ రెండు పుస్తెలూ ఆయనే చేశాడు, రెండిటి వెనకా ఆ మూడు చుక్కలున్నాయి. బాపుకు మేమిద్దరం ఆడపిల్లలమే కాబట్టి లెక్క అక్కడితో ఆగిపోయిందని బంధువులు జాలిపడేవారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ముల్లు కదిలిన బారోమీటర్‌ను, ఈసారి నిలువుగా, ఇంటికి తెచ్చి హాల్లో తగిలించాను. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. నిర్మలం అంటే ఎండ, వాన అంటే వాన అని చెప్పి ఊరుకున్నాను. నెల తిరక్కుండా ఆవిడ నన్ను పిలిచి, "నీ మిషన్ అబద్దాలు చెప్తుందే" అంది. నిజమే. ఈ ఊళ్ళో కొండల మీదుగా వాయవ్యపు గాలి దిగినప్పుడు ముల్లు వాన దగ్గరికి పడిపోతుంది, కానీ బయట చుక్క రాలదు, పొయ్యి ముందు నిలబడ్డట్టు వేడి, పొడి. ఆ తర్వాత గాలి దక్షిణానికి తిరిగి ముల్లు మళ్ళీ లేస్తున్నప్పుడు జల్లు పడుతుంది. ఆ మాటలు లండన్ ఆకాశాన్ని చూసి రాసినవి, ఈ ఊరి ఆకాశానికి అతకవు. అత్తమ్మ ఇంగ్లీషు మాటల జోలికి పోకుండా, వడియాలకు మంచిదని తేలిన చోట అద్దం మీద ఒక స్టిక్కర్ బొట్టు అతికించింది. ముల్లు బొట్టు దగ్గరికి దిగితే చీర పరుస్తుంది, మళ్ళీ ఎక్కడం మొదలెడితే ఎత్తేస్తుంది. అప్పటి నుంచి మా ఇంట్లో వడియాలకు లోటు లేదు.

ఈ సంగతి చెబితే ఆంటీ పడీపడీ నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, అసలు మాట చెప్పింది. వేసవి అయిపోగానే బల్ల, పనిముట్లు అన్నీ వేలం వేసేవాళ్ళకు ఇచ్చేస్తుందట. చెయ్యి ఈ స్థితిలో ఉండగా గొట్టం నింపడం తన వల్ల కాదట. "నింపడం వచ్చిన మనిషి దొరికితే ఆ మనిషిదే ఈ బల్ల. నువ్వు నేర్చుకుంటావా?" అంది.

నేర్చుకుంటావా ఏమిటి! నాకు అక్కడే గంతెయ్యాలనిపించింది. పెళ్ళప్పుడు కూడా అంత ఇదిగా ఔనని తలూపలేదు. ఆశ్రమంలో డ్యూటీ లేని రోజులన్నీ ఆ గ్యారేజీలోనే.

అక్కడ గోడకు ఒక పెద్ద బారోమీటర్ ఆనించి ఉండేది. మైదానాల్లో వ్యవసాయం చేసే కుటుంబానిది. ఇక్కడ వచ్చిన పెద్ద భూకంపంలో గోడ మీంచి పడి గొట్టం పగిలితే, ఆ ముక్కల్ని దుప్పట్లో చుట్టి అప్పటి నుంచి షెడ్డులో దాచుకున్నారట. రెండు వందల ఏళ్ళ నాటి పని. చెక్కలో గవ్వ బొమ్మలు పొదిగి, అంచులకు సన్నని పసుపు చెక్క గీతలు దిద్ది ఉన్నాయి. పైన తేమను చూపే చిన్న ముల్లు ఒకటి. దాన్ని తిప్పేది ఏమిటో తెలుసా? అడవి ఓట్ గడ్డి మీసం! చెమ్మ తగిలితే మెలిక విప్పుకుంటుంది, ఆరితే చుట్టుకుంటుంది. ఆంటీ ఆ గడ్డిని కంచె పక్కన ప్రత్యేకంగా పెంచేది. పక్కింటాయన ఒకసారి కలుపనుకుని కోసేస్తే వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట.

పళ్ళెం మీద చేసినవాడి పేరు చెక్కి ఉంది. చదవబోతే అది ఇంగ్లీషువాడి పేరులా లేదు. అప్పుడు ఆంటీ చెప్పింది. ఇంగ్లీషు బారోమీటర్లని పేరుబడ్డ వీటిలో సగానికి సగం చేసింది ఇటలీ కొండల్లోంచి బతకడానికి వచ్చినవాళ్ళట. గాజు పని చేతిలో పట్టుకుని, కాలినడకన దేశాలు దాటి లండన్ సందుల్లో చేరారు. మొదట వీధులు తిరిగి అమ్ముకున్నారు. తర్వాత ఊరికొకడు చొప్పున కొట్టు పెట్టుకున్నారు. అద్దాలు, బొమ్మ చట్రాలు, కళ్ళజోళ్ళు, ఏది దొరికితే అది చేశారు. వాళ్ళ భాషను వెక్కిరించినవాళ్ళే వాళ్ళ పనిని ముందుగదిలో తగిలించుకున్నారు. నాకు ఆ పేరు మీద చెయ్యి వేసి కాసేపు ఉండాలనిపించింది, ఉన్నాను.

నేర్చుకోవడానికి చిన్న గొట్టాలిచ్చింది. అడుగున పళ్ళెం, చేతులకు గ్లౌజులు, కిటికీ బార్లా, ఫ్యాను బయటికి. పాదరసం అంటే మా బడిలో చురుకైన పిల్లను పిలిచే పేరు, అంతే తెలుసు నాకు. అరచేతిలో పట్టే సీసా ఎత్తబోతే ఇటుక ఎత్తినట్టుంది. గొట్టంలోకి సన్నగా పోస్తూ, వంచుతూ, తడుతూ, గాజుకు అంటుకున్న గాలి బుడగలన్నిటినీ బయటికి నడిపించాలి. ఆవగింజంత బుడగ మిగిలినా పని బూడిదలో పోసిన పన్నీరే. సరిగ్గా నిండిన గొట్టాన్ని మెల్లగా వంచితే పాదరసం పైకొసకు తగిలి టక్కున మోగుతుంది. గాలి మిగిలితే ఆ చప్పుడు రాదు. నా గొట్టాలు చాలాకాలం నోరు విప్పలేదు.

ఆంటీ మొదటిరోజే ఒక కట్టడి చేసింది. బంగారం ఈ గుమ్మం దాటకూడదు. పాదరసం బంగారాన్ని తాకితే చాలు, తాగేస్తుంది. నేను గాజులు, ఉంగరం, చెవి కమ్మలు, చివరికి ముక్కుపుడక కూడా తీసి డబ్బాలో పెట్టి వెళ్ళేదాన్ని. అవుసుల పిల్లను, నాకు ఒకరు చెప్పాలా?

ఒక రోజు పళ్ళెంలోకి కొన్ని పాదరసం పూసలు చిందాయి. వంగి కుంచెతో ఒకచోటికి చేరుస్తున్నాను. మెడలోంచి ఏదో జారి ముందుకు ఊగింది. నా పుస్తెలతాడు. రెండు పుస్తెల్లో ఒకటి సరాసరి పాదరసంలో మునిగింది. లాగేసరికి తెల్లగా ఉంది. రేకు డబ్బా మూతంత తెల్లగా. వెనక తిప్పి చూస్తే బాపు పెట్టిన మూడు చుక్కలూ పూడిపోయాయి.

"బంగారమంతా తీసి రమ్మన్నాను కదా!" అని ఆంటీ అరిచింది.

"అంతా తీసే వచ్చాను!"

"మరి ఇదేమిటి?"

"ఇది... ఇది నగ కాదు."

"బంగారమా, కాదా?"

"బంగారమే. కానీ నగ కాదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను అబద్ధం చెప్పడం లేదు. ఇన్ని వారాలూ డబ్బా ముందు నిలబడి ఒక్కొక్కటీ తీస్తుంటే, మెడలోది కూడా బంగారమేనన్న ఆలోచన నాకు తట్టనే లేదు. ఒంటి మీద చర్మాన్ని ఎవరైనా నగల్లో లెక్కేస్తారా? "పాదరసానికి ఆ తేడా తెలియదు" అంది ఆంటీ. కంగారులో నేను పళ్ళెంలోది సీసాలోకి ఒంపేయడంతో, సీసాలోని పాదరసమంతా బంగారం పట్టి చెడిపోయింది. దాన్ని మూతపెట్టి పక్కన పెట్టేసింది. మంచిది ఇంకొక్క సీసా మాత్రమే మిగిలింది, పెద్ద గొట్టానికి ఒక్కసారికే సరిపోతుంది. పుస్తెలతాడు మొత్తాన్ని బిరడా సీసాలో పెట్టి, పొగ లాగే గొట్టం ఉన్న నగల పనివాడి చేత శుభ్రం చేయించాలని తన దగ్గరే ఉంచుకుంది. బోసి మెడతో ఇంటికొచ్చాను.

బయట ఈదురుగాలి మొదలైంది. హాల్లో అత్తమ్మ బారోమీటర్ ముందు నిలబడి ఉంది. ముల్లు బొట్టును దాటి ఎంతో కిందికి పడిపోయింది. మా ఆయన పాల ట్యాంకర్ నడుపుతాడు. ఆ రోజు కొండదారిలో ఉన్నాడు. అత్తమ్మ వెనక్కి తిరిగి నా మెడ చూసింది.

"పుస్తెలేవే?"

చెప్పాను. రెండింట్లో ఏది తెల్లబడిందని అడిగింది. అదీ చెప్పాను.

"మా దిక్కు పుస్తెనే తెల్లబడాల్నా! నా కొడుకు గాలిల ఉన్నడు, నువ్వు పుస్తె తెల్లగ జేసుకొచ్చినవా!" అని అక్కడే కూలబడింది. ఫోన్ చేస్తే అందలేదు. మళ్ళీ చేశాను, అందలేదు. శకునాలు నేను నమ్మను. అయినా ఆ ముల్లును ఇంకో పదిసార్లు చూశాను, దాచడమెందుకు? మా అమ్మాయి వచ్చి "వాట్ హాపెండ్, నానమ్మా?" అంటే ఇద్దరం కలిసి దాన్ని కసిరాం.

చీకటి పడకముందే ట్యాంకర్ అప్పగించి మా ఆయన ఇంటికొచ్చాడు. దారి మూసేస్తే ఒక హోటల్ వెనక బండి ఆపుకుని, మాంసం కూరిన పై ఒకటి తిని, నిద్రపోయాడట. ఫోన్ చార్జింగ్ అయిపోయిందట. వాళ్ళమ్మ ఏడుపు చూసి, "ఏమైందే? వడియాలు తడిసినయా? అన్నముందా?" అన్నాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

మర్నాడు అత్తమ్మ తీర్పు చెప్పింది. "ఇగ ఆడికి వోకు. పుస్తె తీసి జేసే పని మనకొద్దు." నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "పుట్టింట్లో కుంపటి కాడికి రావద్దన్నారు, ఇక్కడ బల్ల కాడికి పోవద్దంటున్నారు. నా చేతులు నేనేం చేసుకోవాలి? కోసి ఉప్పులో ఊరేసుకోనా?" అని గట్టిగానే అరిచాను. మా ఆయన గోడమీది పిల్లి, తలుపు చాటుకు జారుకున్నాడు. నేను వెళ్ళడం మానేశాను. అత్తమ్మకు భయపడి కాదు. ఆమె భయం నాకు అర్థమైంది, అందుకని. వేసవి అయిపోవస్తోంది. వేలంవాడు వచ్చి బల్ల కొలిచి వెళ్ళాడని ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

బాపుకు వీడియో కాల్ చేసి పుస్తె సంగతి చెప్పాను. "నువ్వు నిప్పుల మీద వెట్టకు బిడ్డా, ఆ పొగ పాణం తీస్తది. పొగ గొట్టమున్నోనికే ఇయ్యి" అన్నాడు. ఆ పనిలో నాకెవరు గురువో అడిగాడు.

"ఒక పెద్దావిడ, బాపూ."

"ఆమెకెవలు నేర్పిన్రు?"

"వాళ్ళ బాపు."

తెర మీద ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. "నెట్‌వర్క్ మంచిగ లేదు, మల్ల మాట్లాడుత" అని పెట్టేశాడు. నెట్‌వర్క్ బాగానే ఉందని నాకు తెలుసు.

తర్వాతి ఆదివారం ఆంటీ మా ఇంటికే వచ్చింది. సీసాలో పుస్తెలు తెచ్చింది. మళ్ళీ పసుపు పచ్చగా, కొంచెం మెరుపు తగ్గి, వెనక మూడు చుక్కలతో. అత్తమ్మ వాటిని లాక్కున్నట్టే తీసుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత మర్యాద గుర్తొచ్చి టీ, వేయించిన వడియాలు పెట్టింది. ఆంటీ వడియం కరకరలాడిస్తూ గోడ మీది బారోమీటర్‌ను, దాని మీది బొట్టును శ్రద్ధగా చూసింది. ఇద్దరు ముసలమ్మలు, మధ్యలో నేను దుబాసీని.

అత్తమ్మ చూపంతా ఆంటీ బోసి వేలి మీదే ఉంది. "ఆమెకు పెనిమిటి లేడా? అడుగు" అంది.

లేడని నాకు తెలుసు, చెప్పాను.

"ఉంగరం తీసినందుకే పోయిండా? అడుగు."

"అత్తమ్మా!"

"అడుగవే!"

ఏమంటోందో చెప్పమని ఆంటీ కూడా పట్టుబట్టింది. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. ఆవిడకు కోపం రాలేదు. కప్పు కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది. "కాదు. బాగా ముసలివాడయ్యాక, నిద్రలో పోయాడు. పెళ్ళైన మర్నాటి నుంచీ రోజూ పొద్దున ఉంగరం తీసి గ్యారేజీ తలుపు పక్క మేకుకు తగిలించేదాన్ని. సాయంత్రం ఆయనే వచ్చి తీసి తొడిగేవాడు. నన్ను తొడుక్కోనిచ్చేవాడు కాదు. జీవితమంతా రోజుకోసారి పెళ్ళి చేసుకున్నాడు నన్ను. ఇప్పుడు తొడిగేవాడు లేడు కదా, అందుకని మేకుకే ఉంది."

అదంతా నేను తెలుగులో చెప్పాను. అత్తమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలు కదిలిన చప్పుడైంది. తిరిగొచ్చి నా ఒళ్ళో ఒక పసుపు కొమ్ము, పసుపు పూసిన దారం పడేసింది.

"నాట్లేసేటప్పుడు నా పుస్తె తెగి బురదల వడ్డది. మడంత కెలికినా దొరకలె. కొత్తది చేపిచ్చేదాంక పంట కాలమంత పసుపు కొమ్ము మీదనే ఉన్న. మీ మామయ్యకేమాయె? ఎద్దోలె తిరిగిండు" అంది. ఆపైన ఆంటీని చూపిస్తూ, "ఈమె చెప్పింది నిజమే. తీసుడు తప్పుగాదు. మల్ల కట్టేటోడు ఉండాలె, గంతే" అని కొడుకును కేకేసింది. "ఏడున్నవ్ రా? ఇటు రా! రేపటి సంది పొద్దున కొమ్ము కట్టు, పొద్దుగూకి పుస్తె కట్టు. నీకు గీ పని గూడ చేతగాదా?"

పసుపు కొమ్ముకు పాదరసం ఏమైనా చేస్తుందా అని మాత్రం ఆంటీని అడగమంది. ఏమీ చెయ్యదని ఆంటీ చెప్పింది. మర్నాడు పొద్దున వంటింట్లో, ట్యాంకర్ కంపెనీ జాకెట్ వేసుకుని, మా ఆయన నా మెడ వెనక మూడు ముళ్ళు వేశాడు. మొదటి పెళ్ళిలో వేసినప్పటి కంటే గట్టిగా వేశాడు. విప్పుకోవడానికి సాయంత్రం కత్తెర కావాల్సి వచ్చింది. మా అమ్మాయి పాలలో కార్న్‌ఫ్లేక్స్ తింటూ "అగైన్?" అంది.

ఆంటీ వేలంవాడిని ఆ వారం చివరి వరకు ఆగమంది. ఆలోగా ఆ పెద్ద బారోమీటర్ కొత్త గొట్టం నేను నింపాలి. ఒక్క సీసా, ఒక్క అవకాశం. నాకు ఆ మధ్యాహ్నం ఇంకేమీ గుర్తులేదు, గాజు, దాని లోపల మెల్లగా ఎక్కుతున్న ఆ వెలుగు తప్ప. బుడగలు ఒక్కొక్కటే బయటికి నడిచాయి. చివరిది వంపు దగ్గర మొండికేసింది. బాపు ఊదుగొట్టం పట్టుకున్నప్పుడు ఊపిరి ఎలా బిగబట్టేవాడో అలా బిగబట్టి, గోటితో తట్టాను. మళ్ళీ తట్టాను. కదిలింది, పోయింది. గొట్టాన్ని నిలబెట్టి మెల్లగా ఒకవైపు వంచాను.

టక్.

ఆంటీ వణికే చేతులతోనే చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చేశాను, ఏం, ఏడవకూడదా? ఆవిడ ఫోన్ తీసి వేలంవాడికి రావొద్దని చెప్పింది. నా వైపు తిరిగి, "నీ బల్ల ఊడ్చుకుని వెళ్ళు, పళ్ళెం కడగడం మర్చిపోకు" అంది. నీ బల్ల అంది. నేను రెండోసారి చెప్పించుకున్నాను.

ముల్లు బిగించే ముందు ఆంటీ బారోమీటర్ పళ్ళెం వెనకవైపు తిప్పి చూపించింది. ఇత్తడి మీద సన్నటి గీతలు, అక్షరాలు. రెండు వందల ఏళ్ళుగా దాన్ని బాగుచేసిన ప్రతివాడూ తన గుర్తు పెట్టుకుని వెళ్ళాడట. ఒకచోట వాళ్ళ నాన్న గుర్తు, పక్కనే ఆవిడది. సూదిపోటు పనిముట్టు నా చేతికిచ్చింది.

నేను ముందు బాపుకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున పూట, టీ తాగుతున్నాడు. ఫోన్‌ను డబ్బాకు ఆనించి, గొట్టం వంచి ఆ చప్పుడు వినిపించాను. గ్లాసు కింద పెట్టేశాడు. పళ్ళెం చూపించి, ఏం చేయబోతున్నానో చెప్పాను. సూది ఆనించి ఒక చుక్క పెట్టాను. రెండు. మూడు. బాపు "ఊ" అన్నాడు. నేను ఆగలేదు. పక్కన ఇంకోటి పెట్టాను.

"నాలుగోది ఎవలదే?"

"నాది."

నెట్‌వర్క్ బాగాలేదని పెట్టేస్తాడేమోనని తెరవైపే చూస్తూ నిలబడ్డాను. బాపు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ముఖం ఫోన్‌కు మరీ దగ్గరగా తెచ్చాడు.

"సూది వంచి పట్టుకున్నవ్ బిడ్డా. నిలువుగ పట్టాలె. అప్పుడే చుక్క గుండ్రంగ వస్తది."

మా బాపు నాకు చెప్పిన మొదటి పాఠం అది. సూది నిలువుగా పట్టుకుని, ఆయన చూస్తుండగా, నా చుక్కను గుండ్రంగా దిద్దుకున్నాను.